చీజ్ మానకుండా బరువు తగ్గొచ్చా? 9 వారాల వంటింటి డైరీ

రోజు 0

రక్త పరీక్ష రిపోర్టు వచ్చింది. ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే కొవ్వు) గీత దాటాయి. షుగర్ సరిగ్గా గీత మీద నిలబడి ఉంది. వయసు 43, ఎత్తు 171 సెంటీమీటర్లు, బరువు 84.6 కిలోలు. డైటీషియన్ ఇచ్చిన కాగితంలో ‘మానేయవలసినవి’ అని ఒక గడి, అందులో మొదటి మాటే చీజ్.

అన్నం తగ్గించమన్నారు, తగ్గిస్తాను. స్వీట్లంటే నాకు పెద్ద మోజు లేదు. కానీ సాయంత్రం మియాపూర్ ట్రాఫిక్ ఈదుకుంటూ ఇంటికొచ్చాక పెనం మీద కాల్చుకునే చీజ్ టోస్టు ఉందే, దాన్ని వదులుకోవడం నా వల్ల కాదు. ఇదివరకు రెండుసార్లు ‘పూర్తిగా బంద్’ అనుకున్నాను. రెండుసార్లూ మూడో వారంలో అర్ధరాత్రి ఫ్రిజ్ ముందు నిలబడి క్యూబులు ఒలుచుకుని తిన్నాను.

అందుకే ఈసారి దీన్నొక ప్రాజెక్టులా పెట్టుకున్నాను. రోజుకి 1,700 కేలరీలు, అందులో చీజ్‌కి 100. ఒక రోజు తినకపోతే మిగిలింది ఆదివారానికి జమ. వారానికి 700 దాటకూడదు. తొమ్మిది వారాల్లో బరువు కదలకపోతే డైటీషియన్ కాగితానికే దణ్ణం పెట్టి చీజ్ మానేస్తాను. డాక్టరు గారికి చెబితే, "కొలత ప్రకారం తింటే పర్లేదు, మూడు నెలల తర్వాత మళ్ళీ టెస్టు చేద్దాం" అన్నారు.

సామాను: ఒక గ్రాము దాకా చూపించే డిజిటల్ కాటా, సన్న కన్నాల తురుము పీట, ఒక నోటుబుక్కు.

రోజు 3

ఏదీ మార్చకుండా, రోజూ తినేదే తూచి రాయడం మొదలుపెట్టాను. నా టోస్టు లెక్క ఇదీ: రెండు బ్రెడ్ ముక్కలు, సుమారు 145 కేలరీలు. రెండు చీజ్ స్లైసులు, 40 గ్రాములు, సుమారు 125. వెన్న 22 గ్రాములు, సుమారు 160.

రెండుసార్లు తూచాను. వెన్న గిన్నెను ముందొకసారి, టోస్టు కాల్చాక ఒకసారి కాటా మీద పెట్టాను. అవును, 22 గ్రాములే. బ్రెడ్డుకి అటూ ఇటూ రాసింది, పెనం మీద వేసింది, ‘అంచులు కరకరలాడాలి’ అని చివర్లో ఇంకొంచెం వేసింది, అన్నీ కలిసి అంత అయింది. ఇన్నేళ్ళూ తిట్లన్నీ చీజ్ తిన్నది, కేలరీలు వెన్న పెట్టింది.

సాయంత్రం నాన్‌స్టిక్ పెనం మీద వెన్న లేకుండా, ఒక్క స్లైసుతో, మధ్యలో టమాటా చక్రాలు, మిరియాల పొడి వేసి కాల్చాను. సుమారు 215. పాతదానికి సగం. కాస్త పొడిగా ఉంది కానీ టమాటా ఆదుకుంది.

రోజు 6

చిన్న గోల. ఫోన్లో తెలుగులో ‘జున్ను కేలరీలు’ అని వెతికాను. యంత్రం చేసిన అనువాదాలన్నీ చీజ్‌ని జున్ను అనే రాస్తున్నాయి. ‘రోజూ 30 గ్రాముల జున్ను తినండి’ అని చదవగానే అమ్మ అడిగింది, "రోజూ జున్నుపాలు ఎక్కడ దొరుకుతాయిరా, రోజుకో గేదె ఈనాలా?" అని. ఆవిడ అన్నదే నిజం. ఈనిన రెండు మూడు రోజుల పాలతో, బెల్లం, మిరియాలు వేసి ఆవిరి మీద ఉడికించేది జున్ను. దానికీ చీజ్‌కీ చుట్టరికం పాల వరకే. ఈ డైరీలో నేను చీజ్ అనే రాస్తాను.

రోజు 10

ఈ వారమంతా తురుము పీట పని. 25 గ్రాముల క్యూబు అలాగే నోట్లో వేసుకుంటే రెండు నమలడాల్లో మాయం. 80 కేలరీలు పోయాయి, తిన్నట్టే లేదు. అదే క్యూబుని సన్న కన్నాల మీద తురిమితే పళ్ళెంలో చిన్న గుట్ట అయింది. అందులో సగం చాలు రెండు టోస్టులకి.

టిఫిన్ సెంటర్ చీజ్ దోశలో ఎంత వేస్తారో అని, ఇంట్లో కళ్ళు మూసుకుని అదే చేత్తో చల్లి చూశాను. 48 గ్రాములు. చెడ్డార్ అయితే దాదాపు 190 కేలరీలు, దోశ కాకుండా, దాని మీద తోసిన వెన్న కాకుండా.

నా పద్ధతి ఇది. దోశ పల్చగా పోసి, పైన తడి ఆరగానే 12 గ్రాముల చెడ్డార్ తురుము చల్లి, తిరగేసి, చీజ్ ఉన్న వైపు పెనానికి తగిలేలా ఒక నిమిషం ఉంచాను. చీజ్ లోంచి వచ్చే కొవ్వే నూనె పని చేసింది, వేరే చుక్క వెయ్యలేదు. కింద బంగారు రంగు జాలీలా కరకరలాడే పొర వచ్చింది. నాలుక మీద ముందు తగిలేది చీజే. లోపల మడిచి పెట్టిన 48 గ్రాముల కంటే బయట కాలిన 12 గ్రాములే ఎక్కువ తెలుస్తోంది.

అదే పని ప్రాసెస్డ్ చీజ్‌తో చేస్తే కరకర రాలేదు, బంకగా సాగింది. కారణం చదివితే అర్థమైంది. ప్రాసెస్డ్ చీజ్‌లో సిట్రేట్, ఫాస్ఫేట్ లవణాలు కలుపుతారు. నీళ్ళనీ కొవ్వునీ విడిపోకుండా పట్టి ఉంచడమే వాటి పని. కొవ్వు బయటికి రాకపోతే వేగేదెలా? టోస్టులో నున్నగా కరగడానికి అది మంచిదే, దోశకి పనికిరాదు.

రోజు 11

అమ్మ అట్ల పెనం మీద ఇదే ప్రయోగం చేశాను. ఇనప పెనం, ముప్ఫై ఏళ్ళ నాటిది. చీజ్ అంటుకుపోయింది. గరిటెతో గీకాను. దాంతో పెనం మీది నునుపంతా పోయింది, మర్నాడు పోసిన అట్లు నాలుగూ చిరిగిపోయాయి. అమ్మ ఏమీ అనలేదు. అదే భయం. ఉల్లిపాయ సగానికి కోసి నూనెలో ముంచి పెనానికి రుద్దుతూ రెండు రోజులు ప్రాయశ్చిత్తం చేసుకున్నాను. చీజ్‌కి నాన్‌స్టిక్ పెనం ఒక్కటే అని బుక్కులో రాసి కింద రెండు గీతలు గీశాను.

రోజు 14

బరువు 83.1. మొదటి రెండు వారాల్లో పోయేదాంట్లో నీళ్ళే ఎక్కువని తెలుసు. అయినా సంతోషమే.

రోజు 17

‘లో ఫ్యాట్’ చీజ్ స్లైసులు తెచ్చాను. మామూలు దానికంటే మూడో వంతు కేలరీలు తక్కువ అని ప్యాకెట్ మీద లెక్క. టోస్టులో పెట్టాను. కరగలేదు, చెమట పట్టినట్టు మెరిసి, అంచులు ముడుచుకుని, పైన తోలు కట్టింది. మా అమ్మాయి ఒక ముక్క కొరికి, "నాన్నా, ఎరేజర్ మీద ఉప్పేసి ఇచ్చావా?" అంది.

చీజ్‌లో కొవ్వు రుచికే కాదు, నిర్మాణానికీ కావాలి. పాల ప్రోటీన్ వల అల్లుకుంటే, దాని సందుల్లో కొవ్వు బొట్లు కూర్చుని వలని మెత్తగా ఉంచుతాయి. అవి లేకపోతే వల బిగుసుకుపోతుంది. వేడి తగిలినప్పుడు పైకి తేలి ఎండిపోకుండా కాపాడే నూనె పొరా ఉండదు. ఇదంతా సైన్సు. నా సమస్య ఇంకా సింపుల్: ఒకటి తింటే తృప్తి లేక రెండు తిన్నాను. కేలరీలు మామూలు స్లైసు కంటే ఎక్కువే అయ్యాయి. మిగిలిన ప్యాకెట్ పనిమనిషి కూడా వద్దంది.

అదే ప్యాకెట్ వెనక ఉప్పు సంగతీ చూశాను. 100 గ్రాములకు వెయ్యి మిల్లీగ్రాములు దాటింది సోడియం. రోజుకి 5 గ్రాముల ఉప్పు, అంటే 2,000 మిల్లీగ్రాముల సోడియం దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన ఇళ్ళలో ఊరగాయ, అప్పడం ఎలాగూ ఉంటాయి. చీజ్ తిన్న పూట ఊరగాయ ముట్టకూడదని ఒక రూలు కలిపాను. కలిపిన రెండో రోజే తప్పాను.

రోజు 30

ఈ మధ్య ఏమీ రాయలేదు. కోపంగా ఉన్నాను, నా మీదే.

బరువు 82.9. పది రోజులుగా అక్కడే. లెక్క ప్రకారం అన్నీ సరిగ్గా ఉన్నాయి. రోజూ 1,650, 1,700. రాత్రి కూర్చుని మళ్ళీ ఒక్కో గీత చూశాను. పనీర్ దగ్గర దొరికింది దొంగ.

చెప్పడం మర్చిపోయాను, పనీర్‌ని నేను చీజ్ ఖాతాలో కాకుండా పప్పు ఖాతాలో రాస్తున్నాను, ప్రోటీన్ కోసం కదా అని. గత తొమ్మిది రోజులుగా మధ్యాహ్నం అన్నం తగ్గించి 100 గ్రాముల పనీర్ తింటున్నాను. ఫోన్లో కేలరీల యాప్‌లో వెతికితే ‘కాటేజ్ చీజ్’ అని ఒకటి కనిపించింది. మన హోటళ్ళ మెనూ కార్డుల్లో పనీర్ టిక్కా పక్కన కాటేజ్ చీజ్ అనే కదా రాస్తారు! నొక్కేశాను. 100 గ్రాములకు 98 కేలరీలు అంది. ఇంత తక్కువా అని ఆనందపడ్డాను కూడా.

అది వేరే వస్తువు. అమెరికాలో కాటేజ్ చీజ్ అంటే వెన్న తీసిన పాలని విరిచి, నొక్కకుండా, పలుకులు పలుకులుగా వదిలేసి, పైన కాస్త క్రీమ్ కలిపింది. అందులో దాదాపు 80 శాతం నీళ్ళే. మన పనీర్ గుడ్డలో కట్టి, బరువు పెట్టి, నీళ్ళు పిండేసింది. మామూలు పనీర్‌లో తేమ 60 శాతం మించకూడదనీ, నీళ్ళు తీసేశాక మిగిలే దాంట్లో కనీసం సగం పాల కొవ్వు ఉండాలనీ మన ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ప్రమాణం. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల్లో పనీర్‌కి 100 గ్రాములకు సుమారు 260 కేలరీలు ఉంది. నేను కొన్న ప్యాకెట్ మీద 300.

రోజుకి 200 తేడా, తొమ్మిది రోజులకు 1,800. అంటే నా లెక్కలో లేని ఒక పూర్తి రోజు భోజనం ఎక్కడో మధ్యలో తినేశాను. పేరు ఒకటే అనుకుని వస్తువు చూడకపోతే ఇంతే. జున్ను దగ్గర నవ్వుకున్నాను, ఇక్కడ నేనే బోల్తా పడ్డాను.

రోజు 33

పనీర్ ఇంట్లోనే చేద్దామని కూర్చున్నాను, ఏం తింటున్నానో తెలుస్తుంది కదా. మూడు రకాల పాలు, ఒక్కోటి లీటరు: ఫుల్ క్రీమ్ (6 శాతం కొవ్వు), టోన్డ్ (3 శాతం), డబుల్ టోన్డ్ (1.5 శాతం).

పొద్దున్నే మూడు గిన్నెల పాలు పొయ్యి మీద పెట్టి నిమ్మకాయలు కోస్తుంటే అమ్మ వచ్చింది. "నిక్షేపంలాంటి పాలని చేతులారా విరగ్గొట్టుకుంటావేంట్రా, అదీ శుక్రవారం పూట!" అంది. పాలు విరిగితే మంచిది కాదన్నది ఆవిడ నమ్మకం. శనివారానికి వాయిదా వేశాను. శనివారం కూడా సంతోషించలేదు కానీ గుళ్ళోకి వెళ్ళింది, ఆ సందులో కానిచ్చేశాను.

రోజు 34

ఫలితాలు. ఫుల్ క్రీమ్ లీటరుకి 215 గ్రాముల పనీర్ వచ్చింది. టోన్డ్‌కి 155. డబుల్ టోన్డ్‌కి 130.

కేలరీలు కొలిచే యంత్రం నా దగ్గర లేదు. కాబట్టి పాల ప్యాకెట్ మీది లెక్కలోంచి, తేటలో (పాలు విరిగాక మిగిలే నీళ్ళలో) పోయే పాల చక్కెర (లాక్టోజ్), కొంచెం ప్రోటీన్ తీసేశాను. లీటరు పాల తేటలో సుమారు 200 కేలరీలు పోతాయని వేసుకుంటే, 100 గ్రాముల పనీర్‌కి ఫుల్ క్రీమ్‌ది 300 చుట్టూ, టోన్డ్‌ది 240, డబుల్ టోన్డ్‌ది 200 వస్తున్నాయి. ప్రోటీన్ మాత్రం ముగ్గురి దగ్గరా లీటరుకి దాదాపు అంతే, కొవ్వే మారుతోంది. గ్రాము కొవ్వుకి 9 కేలరీలు, గ్రాము ప్రోటీన్‌కి 4. అందుకే ఇంత తేడా.

రుచి: ఫుల్ క్రీమ్‌ది పెళ్ళిభోజనం. డబుల్ టోన్డ్‌ది పళ్ళ కింద కిచకిచమంది, బలపం ముక్క తిన్నట్టు. టోన్డ్‌ది మధ్యస్తంగా, కూరలో వేస్తే తేడా తెలీనంత బాగుంది. ఇక నుంచి అదే.

రోజు 38

డబుల్ టోన్డ్‌ని వదలబుద్ధి కాలేదు. మళ్ళీ చేశాను. ఈసారి పాలు పొంగనిచ్చి దించి, 70 డిగ్రీల దాకా చల్లారనిచ్చాను. నిమ్మరసాన్ని నీళ్ళలో కలిపి కొంచెం కొంచెంగా పోశాను. తేట పచ్చటి ఛాయలో కనిపించగానే ఆపేశాను. మొదటిసారి సలసలా మరుగుతున్న పాలలో నిమ్మకాయ మొత్తం పిండేశాను, అదే తప్పు. వేడి ఎక్కువైనా, పులుపు ఎక్కువైనా పనీర్ గట్టిపడుతుంది. బరువు కూడా గంట కాదు, 15 నిమిషాలే పెట్టాను. 145 గ్రాములు వచ్చింది, మెత్తగా ఉంది. ముక్కలు కోస్తే విరుగుతోంది కానీ భుర్జీకి బ్రహ్మాండం.

తేటని అమ్మే పట్టుకుపోయింది. చపాతీ పిండి దాంతో కలిపితే మెత్తగా వస్తున్నాయట. ‘విరిగిన పాలు’ అనడం మానేసి ‘ఆ నీళ్ళు’ అంటోంది.

రోజు 41

ఖరీదైన ప్రయోగం. జూబ్లీ హిల్స్ వైపు పనిమీద వెళ్ళి, పెద్ద సూపర్ మార్కెట్లో పర్మేసాన్ ముక్క చూశాను. ఐదొందల నోటు ఇస్తే చెప్పుకోదగ్గ చిల్లరేం రాలేదు. కొనేముందు పచ్చ చుక్క ఉందో లేదో చూసుకున్నాను. ఇటలీ నుంచి వచ్చే అసలు పర్మిజానో రెజ్జానోని దూడ కడుపు నుంచి తీసే రెనెట్‌తోనే (పాలని గడ్డకట్టించే పదార్థం) చేయాలని వాళ్ళ రూలు. శాకాహారులకి అది పనికిరాదు. అమ్మ తినే ఇంట్లో అది పెట్టలేను. నేను తెచ్చింది ఇక్కడే చేసినది, పచ్చ చుక్క ఉన్నదే.

కేలరీలు చెడ్డార్ అంతే, 100 గ్రాములకు 400 చుట్టూ. ఇందులో ఆదా ఏముంది అని మా ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. జవాబు వాసనలో ఉంది. నెలల తరబడి మాగబెట్టిన చీజ్‌లో ప్రోటీన్లు చిన్న చిన్న ముక్కలుగా విడిపోతాయి. వాటిలో ఒకటి గ్లుటమేట్, టమాటాకి ఆ కమ్మదనం ఇచ్చేదే. అందుకే 5 గ్రాములు, అంటే 20 కేలరీలు, పెసరట్టు మీద తురిమితే గది మొత్తానికి తెలిసింది.

పెసరట్టులో ఉప్మా పెట్టుకోవడం నాకు అలవాటు. ఆ రోజు ఉప్మా బదులు రాత్రంతా గుడ్డలో వేలాడదీసిన పెరుగుని ఉప్పు, పచ్చిమిర్చి, కొత్తిమీర వేసి రాసి, పైన ఈ 5 గ్రాములు తురిమాను. ఈ ప్రాజెక్టు మొత్తంలో నేను తిన్న అత్యుత్తమమైన పూట అదే.

తింటుంటే ఒకటి తట్టింది. ఆవకాయని ఎవరూ గిన్నెడు తినరు. ముద్దకింత నంజుకుంటాం. అదే చీజ్ అనేసరికి కూరలా పోసుకుంటున్నాం, అందులోకి ఏదో నంజుకుంటున్నాం. నేను అదనంగా తిన్నదంతా ఈ తలకిందుల లెక్క వల్లే. కాబట్టి బుక్కులో పాత పట్టిక కొట్టేసి రెండే గడులు గీశాను: నంజుకునే చీజ్ (ఘాటైనది, 5 నుంచి 12 గ్రాములు, పైన, చివర్లో), నింపుకునే చీజ్ (టోన్డ్ పాల పనీర్, వేలాడదీసిన పెరుగు). ప్రాసెస్డ్ స్లైసు ఈ రెండింటిలో ఎక్కడా ఇమడలేదు. అయినా టోస్టు కోసం వారానికి రెండు ఉంచుకున్నాను, సెంటిమెంటు.

రోజు 42

81.9. కదిలింది.

రోజు 49, ఆదివారం పిజ్జా

వారంలో 310 కేలరీలే ఖర్చయ్యాయి, 390 జమ ఉన్నాయి. మా అమ్మాయి రెండు నెలలుగా పిజ్జా అడుగుతోంది. జొన్న రొట్టె మందంగా చేసి, దాని మీద వెల్లుల్లితో మగ్గించిన టమాటా గుజ్జు, 40 గ్రాముల మొజరెల్లా, క్యాప్సికం వేసి, మూత పెట్టి సన్నటి సెగ మీద ఉంచి, దించాక 6 గ్రాముల పర్మేసాన్. రొట్టెకి 200, చీజ్‌లకి 145, మిగతావన్నీ కలిపి 50. మొత్తం 400 లోపే.

మొజరెల్లా తడిగా ఉండి మొదటి రొట్టె మెత్తబడింది. రెండోదానికి తురుముని కాగితపు టవల్లో నొక్కి నీళ్ళు తీశాక వేశాను, బాగా వచ్చింది. అమ్మాయి తీర్పు: "పిజ్జా కాదు. కానీ ఇంకోటి చెయ్యి."

రోజు 57

పెళ్ళి భోజనం. పనీర్ బటర్ మసాలా, చీజ్ బాల్స్, అన్నీ. ఏమీ రాయలేదు.

రోజు 63

80.7. తొమ్మిది వారాల్లో 3.9 కిలోలు. గొప్ప వేగమేం కాదు. ఈసారి అర్ధరాత్రి ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళింది ఒక్కసారే, అదీ తూచుకుని తిన్నాను, 11 గ్రాములు. రక్త పరీక్షకి ఇంకా నాలుగు వారాలుంది, అసలు పరీక్ష అదే. అప్పటిదాకా పద్ధతి మార్చను.

రోజు 67

ఈ వారం పెండింగు పనులు: కాటాకి బ్యాటరీ. వేలాడదీసిన పెరుగులో కరివేపాకు పొడి. డబుల్ టోన్డ్ పనీర్ మూడో ప్రయత్నం, ఈసారి నిమ్మరసం బదులు పుల్ల మజ్జిగతో. పాలు తెచ్చి పెట్టాను. ఇవాళ గురువారం, రేపు శుక్రవారం. శనివారం దాకా ఆగాలి.